మౌంటెన్ బైకు: కొండబాట సవారికి భాగముల ఎన్నిక, మార్పిడి

నిర్వచనము

కొండవాలులందును, అడవిబాటలందును, రాళ్లు, చెట్లవేళ్లు, ఇసుక, బురద అడ్డుపడు సన్నని కాలిదారులందును నడుపుటకై దృఢమైన చట్రముతోను, వెడల్పయిన గుబ్బల టైర్లతోను, శక్తిమంతములైన బ్రేకులతోను, విస్తారమైన గేర్లతోను నిర్మింపబడిన సైకిలునకు మౌంటెన్ బైకు అని పేరు. ఒకే పూటలో కొండ నెక్కుటయు దిగుటయు రెండును తన బలముచేతనే సాగించుచు, పందెము కొఱకు గాక బాట కొఱకే చేయు సవారిని ట్రెయిల్ సవారి యందురు. ఇట్టి సైకిలు కొన్ననాటి రూపముననే కడదాక ఉండుట అరుదు. భాగము అరిగినపుడో, సవారి చేయువాని నైపుణ్యము పెరిగినపుడో, నడపు బాట స్వభావము మారినపుడో, ఒక్కొక్క భాగమునకు బదులు మేలైనదానిని ఎన్నుకొని అమర్చుట జరుగుచుండును. ఆ ఎన్నికకు ఆధారములైన సాంకేతిక విషయములు, భాగముల పరస్పరమైన పొందిక, మార్పిడియందు పాటింపదగిన క్రమము ఈ వ్యాసమునకు విషయము.

చరిత్ర

భాగముల మార్పిడి మౌంటెన్ బైకునకు తరువాత వచ్చి చేరిన అలవాటు కాదు. మౌంటెన్ బైకు పుట్టినదే మార్పిడి వలన. 1970ల దశకమున, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరమున నున్న మారిన్ కౌంటీ యువకులు, 1930, 1940 దశకములనాటి ష్విన్ ఎక్సెల్సియర్ మొదలగు బెలూన్ టైర్ల పాత సైకిళ్లను చవుకగా సంపాదించి, వాని మడ్‌గార్డులను అలంకారములను ఊడదీసి, మోటారు సైకిలు బ్రేకు మీటలను, డ్రమ్ము బ్రేకులను, చెయినును ఒక పళ్లచక్రమునుండి మరొకదానికి జరుపు డిరేలరు గేర్లను అమర్చి, టమల్‌పాయిస్ కొండ చుట్టునుగల బాటలపై నడపిరి. ఫెయిర్‌ఫాక్స్ పట్టణ సమీపమున పైన్ మౌంటెన్ నుండి దిగు దారిలో 1976 అక్టోబరు 21న మొదలైన పందెమునకు 'రీప్యాక్' అను పేరు వచ్చిన కారణము గమనింపదగినది. సుమారు 3.4 కిలోమీటర్ల దూరములో 400 మీటర్ల మేర దిగు ఆ వాలున, పెడలు వెనుకకు త్రొక్కిన పనిచేయు పాతకాలపు కోస్టర్ బ్రేకు మితిమీరి వేడెక్కి, హబ్బులోని గ్రీజు పొగయై పోవుటచే, దిగుడు ముగిసిన పిమ్మట హబ్బు విప్పి మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది. మరల కూరుట యను అర్థము గల ఆ మాటయే పందెమునకు పేరయ్యెను.

ఆ పందెములలో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకించి క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గొట్టములతో క్రొత్త చట్రమును నిర్మించెను. టామ్ రిచీ నిర్మించిన చట్రములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో 'మౌంటెన్‌బైక్స్' అను వ్యాపారమును స్థాపింపగా, ఆ పేరే క్రమముగా ఈ జాతి సైకిళ్ల కన్నిటికిని చెల్లినది. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ 'స్టంప్‌జంపర్'ను పెద్దయెత్తున అమ్మకమునకు తెచ్చెను. 1982లో జపానుకు చెందిన షిమానో 'డియోర్ ఎక్స్‌టీ' పేర మౌంటెన్ బైకునకే ఉద్దేశించిన భాగముల సముదాయమును వెలువరించెను. అంతవరకు రోడ్డు సైకిళ్లనుండియు మోటారు సైకిళ్లనుండియు అరువు తెచ్చుకొనిన భాగములతో గడపిన వాహనమునకు స్వంత పరికరములు ఏర్పడినది ఈ ఘట్టముననే. 1989లో పాల్ టర్నర్ స్థాపించిన రాక్‌షాక్స్ సంస్థ 'ఆర్‌ఎస్-1' ఫోర్కుతో సస్పెన్షనును వాడుకలోనికి తెచ్చెను. 1990లో కొలరాడోలోని డురాంగోయందు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగెను. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్-కంట్రీ పోటీ చేరెను.

తరగతులు

సస్పెన్షను కదలు నిడివిని బట్టి మౌంటెన్ బైకులను విభజించుట వాడుక. క్రాస్-కంట్రీ సైకిలునకు 100 నుండి 120 మిల్లీమీటర్లు, ట్రెయిల్ సైకిలునకు 120 నుండి 150, ఎండ్యూరో సైకిలునకు 150 నుండి 170, కేవలము దిగుటకే ఉద్దేశించిన డౌన్‌హిల్ సైకిలునకు సుమారు 200 మిల్లీమీటర్ల కదలిక యుండును. ముందు ఫోర్కునకు మాత్రమే సస్పెన్షను ఉన్నదానిని హార్డ్‌టెయిల్ అనియు, వెనుకకును ఉన్నదానిని ఫుల్ సస్పెన్షను అనియు వ్యవహరింతురు. తల గొట్టము వాలు, చక్రముల నడిమి దూరము మొదలగు చట్రపు జ్యామితి భాగముల మార్పిడిచే అంతగా మారదు గనుక, మొదటి ఎన్నికలో చట్రమునకే ప్రాధాన్యమీయవలెను. చట్రము తగినది కానిచో ఎన్ని భాగములు మార్చినను లోపము తీరదు.

భాగముల పొందిక

సైకిలు భాగములకు పేరొకటే అయినను కొలతలు వేరగుట సర్వసాధారణము. 26, 27.5, 29 అంగుళములని వ్యవహరింపబడు మూడు చక్రములకు, టైరు అంచు కూర్చుండుచోట రిమ్ము వ్యాసము వరుసగా 559, 584, 622 మిల్లీమీటర్లు. టైరు ప్రక్కన ముద్రింపబడు ఈ మిల్లీమీటర్ల సంఖ్యయే నమ్మదగినది. నేటి ట్రెయిల్ సైకిళ్లలో పెక్కింటికి ముందు హబ్బు 110, వెనుక హబ్బు 148 మిల్లీమీటర్ల వెడల్పుతో 'బూస్ట్' అను కొలత ననుసరించును. చవుక సైకిళ్లలోను పాతవానిలోను ముందు 100, వెనుక 135 మిల్లీమీటర్ల హబ్బులును, సన్నని క్విక్-రిలీజ్ ఇరుసులును కాననగును. మంచి ధరకు దొరికినదని కొన్న చక్రము ఇంటికి తెచ్చిన పిమ్మట ఫోర్కు కాళ్ల నడుమ పట్టకపోవుట ఈ తేడా తెలియకపోవుటచేతనే.

వెనుక హబ్బుపై క్యాసెట్ అను గేర్ల గుత్తి యెక్కు భాగమును ఫ్రీహబ్ అందురు. షిమానో వారి హైపర్‌గ్లైడ్ రకమునకు సాధారణముగా 11 పళ్ల చక్రమే మిక్కిలి చిన్నది. 10 పళ్ల చక్రము గల గుత్తులకు మరియొక భాగముల నిర్మాతయగు స్రామ్ వారి ఎక్స్‌డీ రకమో, షిమానో వారి మైక్రోస్ప్లైన్ రకమో వలయును. మన ఊళ్ల సైకిలు దుకాణములలో ఫ్రీవీలు అని పిలువబడునది, హబ్బు మరపై త్రిప్పి బిగించు ప్రాతరకము. దానియందు పళ్లచక్రములును, ముందుకే తిరుగనిచ్చు యంత్రమును ఒకటిగానే యుండుటచే, దాని స్థానమున క్యాసెట్ వేయవలెనన్నచో హబ్బునే, అనగా వాడుకలో చక్రమునే, మార్చవలసి వచ్చును. సీటుపోస్టు వ్యాసము 27.2, 30.9, 31.6, 34.9 మిల్లీమీటర్లలో ఏదో కొలిచి చూడవలెను. ఫోర్కు మెడ పై నుండి క్రింది వరకు ఒకే లావుగా నున్నదో, క్రింద లావెక్కిన టేపరు రకమో చూచుకొనవలెను. డిరేలరును చట్రమునకు తగిలించు హ్యాంగరు ఒక్కొక్క చట్రమునకు ఒక్కొక్క తీరుగ నుండి, విరిగినపుడు దొరకక బాధించెడిది; 2019లో స్రామ్ ప్రవేశపెట్టిన 'యూడీహెచ్' అను సార్వత్రిక హ్యాంగరును అనేక చట్ర నిర్మాతలు స్వీకరించుటచే ఆ చిక్కు కొంత తగ్గినది.

టైర్లు, చక్రములు

సైకిలు మొత్తములో నేలను తాకునవి టైర్లొక్కటే. మలుపులో పట్టు, ఎక్కుడులో ఊతము, బ్రేకు వేసినపుడు నిలుకడ, చిన్నరాళ్ల అదురు తగ్గుట యనునవన్నియు అరచేయి వెడల్పైనను లేని ఆ రెండు చోట్లమీదనే ఆధారపడియుండుటచే, వ్యయమునకు దక్కు ఫలితము టైరు మార్పిడియందు దక్కినంతగా మరి యే మార్పిడియందును దక్కదు. గుబ్బల అమరిక, రబ్బరు మెత్తదనము, లోపలి నూలుపొరల దృఢత్వము చూచి టైరును ఎన్నుకొందురు. ఎడముగా నిలిచిన ఎత్తైన గుబ్బలు మెత్తని నేలలో దిగి పట్టును, బురదను త్వరగా విదల్చును. దగ్గరగా కూర్చిన పొట్టి గుబ్బలు గట్టినేలపై తేలికగా దొర్లును. మెత్తని రబ్బరు తడిరాతిపై అంటుకొనును గాని త్వరగా అరుగును. పలుచని నూలుపొర తేలికైనను, రాతి అంచున కోసుకొని పోవును.

ముందు టైరు జారినచో సవారి పడుట దాదాపు తప్పదు. వెనుకది జారినను సర్దుకొనుటకు అవకాశముండును. అందుచే మాక్సిస్ మినియన్ డీహెచ్‌ఎఫ్, ష్వాల్బే మ్యాజిక్ మేరీ వంటి, ప్రక్కగుబ్బలు బలిష్ఠములైన టైరును 2.4 లేక 2.5 అంగుళముల వెడల్పున ముందునకును, దానికంటె తేలికగా దొర్లి, గట్టి ప్రక్కగోడలు గలదానిని వెనుకకును వేయుట పరిపాటి.

ట్యూబు లేని టైరు పద్ధతిని 1999లో ఫ్రాన్సుకు చెందిన మావిక్ 'యూఎస్‌టీ' పేర వెలువరించెను. ఈ పద్ధతిలో రిమ్ముపై గాలిపోని పట్టీ అంటించి, కవాటము బిగించి, టైరు తొడిగి, లోపల లేటెక్సు ద్రవము పోసి, ఒక్కుమ్మడిగా గాలి పంపుదురు. టైరు అంచు రిమ్ము గాడిలోనికి ఎగిరి కూర్చుండునపుడు టప్పుటప్పుమను చప్పుడు వినవచ్చును, ఆ చప్పుడు రెండు ప్రక్కల పూర్తిగా వినబడిన పిదప చక్రమును అడ్డముగ పట్టి ఊపి ద్రవమును అంచుల వెంట పరపుదురు. చిన్న రంధ్రము పడినచో ద్రవము బయటికి చిమ్మి, గాలి తగిలి గట్టిపడి, రంధ్రమును తానే పూడ్చును. ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి పంచరగు భయము లేకపోవుటచే గాలి తగ్గించి నడుపవచ్చును. 75 కిలోల బరువు గలవారు 2.4 అంగుళముల టైర్లలో చదరపు అంగుళమునకు ముందు 20 నుండి 24, వెనుక 23 నుండి 28 పౌన్ల ఒత్తిడితో ప్రారంభించి, ఒక్కొక్క పౌను చొప్పున సవరించుకొందురు. ద్రవము కొన్ని మాసములలో ఎండిపోవును, వేడి ప్రదేశములలో మరింత త్వరగా. కనుక నడుమ నడుమ పోయుచుండవలెను.

ఈ పద్ధతి వ్యాపించుటకు ముళ్లు ఒక ముఖ్యకారణము. తెలుగునాట చేలగట్లపై ప్రాకు పల్లేరు, శాస్త్రనామమున ట్రిబ్యులస్ టెర్రెస్ట్రిస్, పాతప్రపంచమునుండి అమెరికా పశ్చిమ ప్రాంతములకు వ్యాపించి, అచ్చట మేకతల యను అర్థము గల పేరుతో సైకిలువారికి నిత్యశత్రువైనది. ఎండిన పల్లేరుకాయ పగిలి విడివడిన ముక్క నేలపై ఏ తీరున పడినను ఒక ముల్లు మీదికి నిక్కియే యుండును. వట్టికాళ్లతో చేనిగట్టున నడచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

చక్రముల విషయమున, రిమ్ము లోపలి వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లున్నచో పైన చెప్పిన టైర్లకు సరిపోవును. అంచున నున్న బరువు సైకిలుతో పాటు ముందునకు సాగుటయే గాక చుట్టును తిరుగుచు కూడ నుండుటచే, వేగము పుంజుకొనునపుడు అది చట్రముపై నున్న బరువునకు ఇంచుమించు రెట్టింపుగా లెక్కకు వచ్చును. అట్లని తేలికైన రిమ్ముకై దృఢత్వమును వదలుకొనుట రాతిబాటలపై క్షేమము కాదు. స్పోకుల బిగువు సమముగా నుండునట్లు అప్పుడప్పుడు బెండు తీయించుచుండినచో సాధారణపు అల్యూమినియం రిమ్ములు చిరకాలము మన్నును.

బ్రేకులు

నేటి ట్రెయిల్ సైకిళ్లు దాదాపు అన్నియు హైడ్రాలిక్ డిస్కు బ్రేకులనే వాడుచున్నవి. మీట నొక్కినపుడు ద్రవము క్యాలిపరులోని పిస్టనులను త్రోసి, ప్యాడ్లను డిస్కుపై ఒత్తును. చవుకగా బలము పెంచుటకు రెండు ఉపాయములు గలవు. మొదటిది పెద్ద డిస్కు: 160 మిల్లీమీటర్ల డిస్కునకు బదులు 180 మిల్లీమీటర్లది వేసినచో, అదే నొక్కుడునకు ఆపుబలము సుమారు 12 శాతము పెరుగుటయే గాక వేడియు త్వరగా చల్లారును, అయితే చట్రమునకును ఫోర్కునకును నిర్మాత విధించిన గరిష్ఠ పరిమాణమును దాటరాదు. రెండవది ప్యాడ్లు: రెసిన్ ప్యాడ్లు చప్పుడు లేక మొదటినుండియు పట్టును, లోహపు ప్యాడ్లు పొడవైన దిగుడులలోను తడిలోను నిలుకడగా నుండును. క్రొత్త ప్యాడ్లు వేసిన పిమ్మట ఓ మోస్తరు వేగమునుండి ఇరువది ముప్పది పర్యాయములు మెల్లగా వేగము తగ్గించుచు, వాని పూత డిస్కుపై పట్టునట్లు చేయనిదే పూర్తిబలము రాదు.

ద్రవము విషయమున పొరపాటు ప్రమాదకరము. షిమానో బ్రేకులు మినరల్ నూనెను వాడును. స్రామ్ బ్రేకులలో పెక్కు డాట్ ద్రవమును, ఇటీవలివి కొన్ని మినరల్ నూనెను వాడును. ఒకదానికి బదులు మరొకటి పోసినచో లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడును. డాట్ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును గనుక కాలక్రమమున దాని మరుగుస్థానము పడిపోవును.

సస్పెన్షను

సస్పెన్షనులో రెండు పనులు జరుగును. స్ప్రింగు దెబ్బను స్వీకరించును. డ్యాంపరు, నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టుచు, ఆ దెబ్బను వేడిగా మార్చి ఊగిసలాటను అణచును. చవుక ఫోర్కులలో తీగచుట్ట స్ప్రింగు మాత్రముండి డ్యాంపరు నామమాత్రమగుటచే, చక్రము రాతినెక్కి దిగిన వెంటనే ఫోర్కు ఎగిసి హ్యాండిలును చేతులలోనికి తన్నును. మేలైన ఫోర్కునకు మారినవారు తొలుత గుర్తించు తేడా ఇదియే.

క్రొత్త ఫోర్కు కొనుటకు ముందు ఉన్నదానిని సరిగా సవరించుట ఉచితము, తరచుగా చాలును. గాలి ఫోర్కును సవరించు విధానము ఇది: నునుపైన లోపలి గొట్టముపైనుండు రబ్బరు వలయమును క్రిందికి సీలు వరకు జరిపి, సంచి, నీళ్లు సహితముగ సవారి దుస్తులలో సైకిలెక్కి, గోడనానుకొని పెడళ్లపై నిలిచి, ఊపక మెల్లగ దిగి, వలయము ఎంత పైకి జరిగినదో కొలువవలెను. 140 మిల్లీమీటర్ల ఫోర్కున 28 మిల్లీమీటర్లు జరిగినచో కుంగుబాటు 20 శాతము. ముందునకు ఇది తగినది. వెనుక షాకునకు 25 నుండి 30 శాతము వాడుక, అనగా 55 మిల్లీమీటర్ల షాకున ఇంచుమించు 14 నుండి 16.5 మిల్లీమీటర్లు. కుంగుబాటు కుదిరిన పిదప తిరిగి లేచు వేగమును, రీబౌండును, ఒక్కొక్క మెట్టు మార్చి చూడవలెను. పెద్ద దెబ్బలకు ఫోర్కు అడుగంటుచున్నచో గాలి పెంచుటకంటె, గాలిగదిలో ప్లాస్టిక్ బిళ్ల చేర్చి ఖాళీని తగ్గించుట మేలు. అప్పుడు మొదటి కదలిక మెత్తగానే యుండి చివరిభాగము మాత్రము గట్టిపడును.

నిర్మాత అనుమతించినకంటె పొడవైన ఫోర్కును వేయుట సాధారణమైన పొరపాటు. 10 మిల్లీమీటర్ల పొడవు పెరిగినచో తల గొట్టము సుమారు అర డిగ్రీ వెనుకకు వాలును, క్రాంకు ఇరుసు పైకి లేచును. చట్రముపై పడు మీటబలము పెరిగి, హామీ రద్దగుటయు, మెడవద్ద పగులు వచ్చుటయు సంభవించును. సేవ విషయమున, పెక్కు ఫోర్కులకు క్రింది కాళ్లు విప్పి నూనె మార్చుటకు సుమారు 50 గంటల సవారి గడువుగా చెప్పబడినది.

గేర్ల వ్యవస్థ

చిరకాలము మౌంటెన్ బైకులు ముందు మూడు, తరువాత రెండు పళ్లచక్రములను ధరించెను. 2012లో స్రామ్ 'ఎక్స్‌ఎక్స్1' పేర ముందొక్క చక్రముతో, వెనుక 11 గేర్లతో వ్యవస్థను వెలువరించుటచే మార్పు వచ్చినది. 2016లో 12 గేర్ల 'ఈగిల్', 2018లో షిమానో 'ఎక్స్‌టీఆర్' అనుసరించెను. ముందు డిరేలరు తొలగుటచే ఎడమచేతి మీటస్థానము సీటును దింపు డ్రాపరు పోస్టు మీటకు దక్కెను. ఒక పన్ను వెడల్పుగను మరొకటి సన్నముగను ఉండు ముందు చక్రము, చెయినును బిగువుగా నుంచు క్లచ్చి గల డిరేలరు కలిసి చెయిను ఊడుటను బహుధా అరికట్టినవి.

లెక్కకు, 29 అంగుళముల చక్రము చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. ముందు 32, వెనుక 51 పళ్లున్నపుడు పెడలు ఒక చుట్టునకు సైకిలు 1.44 మీటర్లు, వెనుక 10 పళ్లున్నపుడు 7.36 మీటర్లు సాగును. నిట్టయెక్కుడు కష్టమైనవారు క్యాసెట్ మార్చక, ముందు చక్రమును 30 పళ్లకు దింపుకొన్నను చాలును. పాత హైపర్‌గ్లైడ్ హబ్బును ఉంచుకొనియే విస్తృత గేర్లు కోరువారికి షిమానో డియోర్ 11 గేర్ల 11-51 క్యాసెట్ ఉపయుక్తము.

చెయిను అరుగుదలను స్కేలుతో కొలువవచ్చును: క్రొత్త చెయినున 24 అరలంకెలు సరిగా 12 అంగుళములు. అది అంగుళములో 16వ వంతు పెరిగినచో అరుగుదల సుమారు 0.5 శాతము, 11, 12 గేర్ల చెయిన్లను అప్పుడే మార్చినచో ఖరీదైన క్యాసెట్ దక్కును. ఉపేక్షించినచో సాగిన చెయిను పళ్లను తన కొలతకు తినివేయును, పిదప క్రొత్త చెయిను వానిపై నిలువదు.

సీటుపోస్టు, హ్యాండిలు, పెడళ్లు

1984లో జో బ్రీజ్, జాష్ ఆంగెల్ రూపొందించిన 'హైట్-రైట్' స్ప్రింగుతో మొదలైన ఆలోచన, నేడు హ్యాండిలుపై మీట నొక్కి సీటును 125 నుండి 200 మిల్లీమీటర్ల వరకు దింపు డ్రాపరు పోస్టుగా స్థిరపడినది. దిగుడులో సీటు అడ్డు తొలగి శరీరము వెనుకకును క్రిందికిని కదలుటకు చోటు దొరకుటచే, టైర్ల తరువాత సవారిని ఎక్కువగ మార్చునది ఇదియే. హ్యాండిలు వెడల్పు 760 నుండి 800 మిల్లీమీటర్లు, దానిని పట్టు స్టెమ్ము 35 నుండి 50 మిల్లీమీటర్లు నేటి వాడుక; భుజములు సన్ననివారు హ్యాండిలును కోసి తగ్గించుకొందురు. బూటు బిగియు పెడళ్లు, చదునైన పెడళ్లు అను భేదము అలవాటునకు సంబంధించినది. చదునైనవాటికి మెత్తని అడుగు గల బూట్లు తప్పనిసరి.

మార్పిడి క్రమము

పై విషయములను బట్టి, 120 మిల్లీమీటర్ల ఫోర్కు గల సాధారణ హార్డ్‌టెయిలు ఉన్నవారు ముందుగా టైర్లను, వానితో ట్యూబులేని పద్ధతిని, పిమ్మట బ్రేకు ప్యాడ్లను డిస్కులను, ఆపై డ్రాపరు పోస్టును మార్చుట, గేర్ల వ్యవస్థను అరుగుదల కాలము వచ్చువరకు వేచి అప్పుడే మార్చుట సమంజసము. ఫోర్కు ధర సైకిలు వెలలో సగమునకు మించుచున్నచో, ఆ సొమ్ము మరుసటి సైకిలునకు దాచుటయే ఉచితము. ఏలయన చిల్లరగా కొన్న భాగముల మొత్తము, అవే భాగములతో కూర్చి అమ్ము సైకిలు వెలను సాధారణముగా మించును. బరువు తగ్గించు మార్పులు ఈ వరుసలో కడపటివి.

తెలుగు ప్రాంతములందు

తెలుగు పట్టణములలో గేర్ సైకిలు అను పేర అమ్మబడు చవుక మౌంటెన్ బైకులకు ఉక్కు చట్రము, 26 అంగుళముల చక్రములు, త్రిప్పి బిగించు ఫ్రీవీలు, డ్యాంపరు లేని స్ప్రింగు ఫోర్కు సాధారణము. ఇట్టివానికి మంచి టైర్లు, బ్రేకు తీగలు, ఇరుసులకు శ్రద్ధతో చేసిన ఓవరాయిలింగు తగిన వ్యయము; అంతకు మించి వెచ్చించుట తగదు. వికారాబాదు వద్ద మూసీ పుట్టు అనంతగిరి కొండల ఎఱ్ఱనేల వేసవిలో గట్టిపడి, పైన సన్నని గులకరాళ్లు దొర్లుచుండుటచే, అచ్చట నడుమ భాగమున దగ్గర గుబ్బలును, ప్రక్కల బలమైన గుబ్బలును గల టైరు పనికివచ్చును. నల్లరేగడి దారులలో వానకాలమున పరిస్థితి వేరు: జిగటమన్ను గుబ్బల నడుమ పేరుకొని, చట్రపు కాళ్లకు రాచుకొని, నాలుగు గజములు సాగకమునుపే చక్రమును బిగబట్టును. అట్టిచోట 2.4 అంగుళముల టైరునకు బదులు, గుబ్బలు ఎడముగా నున్న 2.2 అంగుళముల టైరు వేసి, చట్రమునకును టైరునకును నడుమ మన్ను జారిపోవుటకు చోటు విడుతురు.